జిరాక్స్ షాపు కంప్యూటర్‌కి ఉచిత యాంటీవైరస్ సరిపోతుందా? పెన్‌డ్రైవ్‌లలో షార్ట్‌కట్‌లు ఎందుకొస్తున్నాయి?

మీరు అడిగింది ఇదీ: విశాఖ మద్దిలపాలెంలో జిరాక్స్, డీటీపీ షాపు. విండోస్ 10 కంప్యూటర్, 4 జీబీ ర్యామ్. ప్రాజెక్టు రిపోర్టుల ప్రింటు కోసం విద్యార్థులు తెచ్చే పెన్‌డ్రైవ్‌లలో ఫోల్డర్లన్నీ షార్ట్‌కట్‌లు అయిపోతున్నాయి. "మీ దగ్గర పెట్టాకే ఇలా అయింది" అని వాళ్లు గొడవకొస్తున్నారు. సర్వీసు అబ్బాయి ఫార్మాట్ కొట్టి, ఏటా డబ్బు కట్టే యాంటీవైరస్ వేయించుకోమన్నాడు. ఉచితంగా దొరికేవాటిలో ఏది మంచిది, అసలు వైరస్ అంటే ఏమిటి అన్నది మీ సందేహం.

నేను ద్వారకానగర్‌లో కంప్యూటర్ సర్వీసు చేస్తాను. విండోస్ 98 రోజుల నుంచి ఇదే పని. మన ఊళ్లో కాలేజీల చుట్టూ ఉన్న ప్రింటింగ్ షాపుల నుంచి నా దగ్గరికి వచ్చే కేసుల్లో మీరు చెప్పినదే ఎక్కువ.

ముందు సూటిగా జవాబు: కొనక్కర్లేదు. విండోస్‌తో పాటే వచ్చే డిఫెండర్ అనే యాంటీవైరస్ మీ షాపుకి సరిపోతుంది. ఫార్మాట్ కూడా ఇప్పుడే వద్దు. అయితే విద్యార్థులు అంటున్నది నిజమే అయ్యుంటుంది. మొదట ఎవరి పెన్‌డ్రైవ్‌లోంచి వచ్చిందో ఇప్పుడు చెప్పలేం గానీ, ఇన్ని పెన్‌డ్రైవ్‌లకు వరసగా అంటుతోందంటే వైరస్ మీ కంప్యూటర్‌లో కూర్చుని ఉందన్నమాట. కాబట్టి పెన్‌డ్రైవ్‌లు ఎన్నిసార్లు శుభ్రం చేసినా లాభం లేదు. ముందు కంప్యూటర్, తర్వాతే పెన్‌డ్రైవ్.

అది ఏం చేస్తోందో ఒకసారి దగ్గరగా చూడండి, భయం సగం పోతుంది. ఈసారి షార్ట్‌కట్ కనిపించినప్పుడు డబుల్ క్లిక్ చేయకుండా కుడి క్లిక్ కొట్టి ప్రాపర్టీస్ తెరవండి. బయటికి పసుపు ఫోల్డర్ బొమ్మే, కానీ ఎడమ కింది మూలన చిన్న బాణం ఉంటుంది. సైజు చూస్తే ఒకటి రెండు కేబీలు. టార్గెట్ అనే గడిలో ఫోల్డర్ పేరు ఉండాల్సిన చోట సీఎండీ అనో, డబ్ల్యూస్క్రిప్ట్ అనో, రన్‌డీఎల్ఎల్32 అనో (ఇవన్నీ వేరే ఫైళ్లను నడిపే విండోస్ ప్రోగ్రాములు) మొదలై పొడుగ్గా సాగే లైను ఒకటి ఉంటుంది. కర్సర్‌ను కుడి చివరిదాకా జరిపి చదివితే చాలాసార్లు ఆ ఒక్క లైనులోనే రెండు పనులు దొరుకుతాయి: ముందు వైరస్ ఫైలును నడపడం, ఆ వెంటనే అసలు ఫోల్డర్‌ను తెరిచి చూపించడం. ఫోల్డర్ మామూలుగానే తెరుచుకుంది కదా అని ఎవరికీ అనుమానం రాదు. విద్యార్థి రిపోర్టు ఎక్కడికీ పోలేదు. దాన్ని హిడెన్ చేసి, అంటే కనిపించకుండా దాచి, కొన్ని రకాల్లో అయితే పేరే లేనట్టు కనిపించే ఒక ఫోల్డర్‌లోకి తోసేసి ఉంచుతుంది.

ఒక్కసారి ఎవరైనా ఆ షార్ట్‌కట్‌ను నొక్కితే చాలు. వైరస్ తన కాపీని మీ కంప్యూటర్‌లో యాప్‌డేటా లాంటి మూల ఫోల్డర్‌లో పెట్టుకుంటుంది, విండోస్ ఆన్ అయిన ప్రతిసారీ తానూ లేచేలా స్టార్టప్‌లోనో షెడ్యూల్డ్ టాస్క్‌లలోనో పేరు రాయించుకుంటుంది. ఇక ఆ తర్వాత ఏ పెన్‌డ్రైవ్ పెట్టినా అదే పని.

శుభ్రం చేసే వరస

1. నెట్ ఆన్‌లో ఉంచి, పెన్‌డ్రైవ్‌లన్నీ తీసేయండి. స్టార్ట్‌లో విండోస్ సెక్యూరిటీ అని టైపు చేసి, వైరస్ అండ్ థ్రెట్ ప్రొటెక్షన్‌లోకి వెళ్లి, మేనేజ్ సెట్టింగ్స్ నొక్కండి. రియల్ టైమ్ ప్రొటెక్షన్, క్లౌడ్ డెలివర్డ్ ప్రొటెక్షన్, ట్యాంపర్ ప్రొటెక్షన్ మూడూ ఆన్‌లో ఉండాలి.

2. అదే పేజీలో కిందికి వెళ్తే ఎక్స్‌క్లూజన్స్ అని ఉంటుంది. చాలామంది సర్వీసు వాళ్లు కూడా ఇక్కడ చూడరు. "ఈ ఫోల్డర్‌ను స్కాన్ చేయొద్దు" అని డిఫెండర్‌కు చెప్పే జాబితా అది. క్రాక్ ఆఫీస్, క్రాక్ విండోస్, అంటే లైసెన్సు కొనని దొంగ కాపీలు వేసినప్పుడు, వాటిని అసలువిలా నడిపించే యాక్టివేటర్లు ఇక్కడ పేర్లు ఎక్కించేసి పోతాయి. సీ డ్రైవ్ మొత్తం ఈ జాబితాలో ఉన్న కంప్యూటర్లను నేను చూశాను. పైన డిఫెండర్ పచ్చ టిక్కుతో "అంతా క్షేమం" అంటుంది, కింద వైరస్‌లు తిరుగుతుంటాయి. మీరు కావాలని పెట్టనిది ఏది కనిపించినా తీసేయండి.

3. వెనక్కొచ్చి డిఫెండర్ అప్‌డేట్ చేసి, స్కాన్ ఆప్షన్స్‌లో మైక్రోసాఫ్ట్ డిఫెండర్ ఆఫ్‌లైన్ స్కాన్ ఎంచుకోండి. తెరిచి ఉన్న ఫైళ్లు ముందే సేవ్ చేసుకోండి, ఎందుకంటే కంప్యూటర్ రీస్టార్ట్ అవుతుంది. విండోస్ పూర్తిగా లేవకముందే స్కాన్ జరుగుతుంది కాబట్టి వైరస్ దాక్కోవడానికి వీలుండదు. మామూలుగా పావుగంట పని. అది అయ్యాక ఫుల్ స్కాన్ పెట్టండి. 4 జీబీ ర్యామ్ మీద చాలా సేపు పడుతుంది, రాత్రి షాపు కట్టేటప్పుడు పెట్టి వెళ్లండి.

4. రెండో అభిప్రాయం కోసం మైక్రోసాఫ్ట్ సేఫ్టీ స్కానర్ దింపుకుని నడపండి. అది ఇన్‌స్టాల్ అవ్వదు, దింపిన 10 రోజులకు దాని గడువు తీరిపోతుంది, మళ్లీ కావాలంటే కొత్తది దింపుకోవాలి.

5. ఇప్పుడు పెన్‌డ్రైవ్. ఫైల్ ఎక్స్‌ప్లోరర్ వ్యూలో ఆప్షన్స్ తెరిచి, హిడెన్ ఫైళ్లు చూపించమని పెట్టి, "హైడ్ ప్రొటెక్టెడ్ ఆపరేటింగ్ సిస్టమ్ ఫైల్స్" దగ్గర టిక్కు తీసేయండి. అసలు ఫోల్డర్లు మసకగా కనిపిస్తాయి. షార్ట్‌కట్‌లు, మీకు తెలియని స్క్రిప్ట్ ఫైళ్లు డిలీట్ చేయండి. అసలు ఫోల్డర్ ప్రాపర్టీస్‌లో హిడెన్ టిక్కు బూడిద రంగులో ఉండి తీయనివ్వదు, దానికి సిస్టమ్ ఫైలు అనే గుర్తు కూడా తగిలించి ఉండటమే కారణం. కమాండ్ ప్రాంప్ట్‌లో అట్రిబ్ అనే కమాండుతో ఆ గుర్తులు పోతాయి: మైనస్ హెచ్, మైనస్ ఎస్, మైనస్ ఆర్, తర్వాత డ్రైవ్ అక్షరం, కోలన్, వెనక్కి వాలిన స్లాష్, స్టార్ డాట్ స్టార్, చివర స్లాష్ ఎస్, స్లాష్ డీ.

విద్యార్థి పెన్‌డ్రైవ్‌ను మాత్రం ఎప్పుడూ ఫార్మాట్ చేయకండి. పిల్లలు సెమిస్టర్ అంతా చేసిన పని అందులో ఒక్క కాపీగా ఉంటుంది. రేపు వైవా అనగా ఏడుస్తూ వచ్చినవాళ్లను చూశాను. వాళ్ల ముందే హిడెన్ ఫైళ్లు తెరిచి చూపిస్తే గొడవ అక్కడే చల్లారుతుంది.

ఇప్పుడు వైరస్ అంటే ఏమిటన్న మీ రెండో ప్రశ్న. ఇది కూడా ఒక ప్రోగ్రామే, మనం వాడే వర్డ్ లాగా, కాలిక్యులేటర్ లాగా. తేడా ఏమిటంటే తనను తాను కాపీ చేసుకుని, మనకు తెలియకుండా ఇంకో చోటికి చేరేలా రాసి ఉంటుంది. పీసీల లోకంలో మొదట పేరు మోసింది 1986 నాటి బ్రెయిన్. లాహోర్‌లో సాఫ్ట్‌వేర్ అమ్ముకునే ఇద్దరు అన్నదమ్ములు రాశారు. తమ పేర్లు, అడ్రసు, ఫోన్ నంబరు కూడా అందులోనే పెట్టారు. ఫ్లాపీ బూట్ సెక్టార్‌లో, అంటే కంప్యూటర్ ఆన్ అయ్యేటప్పుడు మొదట చదివే భాగంలో కూర్చుని ఒక ఫ్లాపీ నుంచి ఇంకో ఫ్లాపీకి పాకేది. ఇవాళ మీ షాపులో పెన్‌డ్రైవ్ చేస్తున్న పని అప్పుడు ఫ్లాపీ చేసింది.

2008 నవంబరులో బయటపడ్డ కాన్‌ఫికర్ లాంటివి పెన్‌డ్రైవ్ పెట్టగానే దానంతట అది నడిచే ఆటోరన్ సౌకర్యాన్ని వాడుకున్నాయి. మైక్రోసాఫ్ట్ విండోస్ 7లో పెన్‌డ్రైవ్‌లకు ఆటోరన్ ఆపేసింది, 2011 ఫిబ్రవరిలో ఎక్స్‌పీ, విస్టాలకు కూడా అప్‌డేట్ ద్వారా ఆపించింది. అప్పటి నుంచి ఇలాంటి వైరస్‌లకు చాలావరకు మనిషి చేత్తో నొక్కితే తప్ప దారి లేకుండా పోయింది. షార్ట్‌కట్ వేషం అంతగా పాకడానికి కారణం అదే. మీ చూపుడు వేలు దానికి అవసరం. ఈ ఒక్క సంగతి అర్థమైతే మిగతా జాగ్రత్తలన్నీ వాటంతట అవే అర్థమవుతాయి.

మనం అన్నిటినీ వైరస్ అనే అంటాం గానీ రకాలు వేరు. మనిషి సాయం లేకుండా నెట్‌వర్క్ మీద తనే పాకిపోయేది వార్మ్. మంచి సాఫ్ట్‌వేర్ వేషంలో వచ్చి లోపల దొంగపని చేసేది ట్రోజన్. ఫైళ్లకు తాళం వేసి డబ్బు అడిగేది ర్యాన్సమ్‌వేర్. 2017 మే 12న మొదలైన వాన్నాక్రై వార్మ్, ర్యాన్సమ్‌వేర్ రెండూ. మన రాష్ట్రంలో పోలీసు శాఖ కంప్యూటర్లు కొన్ని కూడా దాని బారిన పడ్డాయని అప్పట్లో పత్రికల్లో వచ్చింది. అది వాడుకున్న లోపానికి మైక్రోసాఫ్ట్ అదే ఏడాది మార్చి 14నే అప్‌డేట్ ఇచ్చేసింది. రెండు నెలల ముందే! ఆ అప్‌డేట్ వేసుకున్న మెషీన్లలోకి ఆ దారిన అది రాలేకపోయింది, యాంటీవైరస్ ఏదైనా సరే. అందుకే ఏ యాంటీవైరస్ అని అడిగినవాళ్లను నేను ముందు విండోస్ అప్‌డేట్ ఎప్పుడు చేశారని అడుగుతాను.

యాంటీవైరస్ ఎలా పట్టుకుంటుందో కూడా తెలుసుకోవాలి, లేకపోతే దాని మీద లేనిపోని నమ్మకం పెట్టుకుంటాం. ఇదివరకు దొరికిన వైరస్‌ల గుర్తుల జాబితా ఒకటి దాని దగ్గర ఉంటుంది, ఫైలును దాంతో పోల్చి చూస్తుంది. జాబితాలో లేని కొత్తదైతే దాని ప్రవర్తన చూసి అనుమానిస్తుంది: ఈ ప్రోగ్రామ్ ఎందుకు ఒక్కసారిగా వందల ఫైళ్లు మారుస్తోంది, ఎందుకు స్టార్టప్‌లో రాసుకుంటోంది అని. ఇంకా తేలకపోతే కంపెనీ సర్వర్‌ను అడుగుతుంది. 1984లోనే ఫ్రెడ్ కోహెన్ అనే పరిశోధకుడు ఏ వైరస్‌నైనా తప్పు లేకుండా పట్టేసే ప్రోగ్రామ్ రాయడం సాధ్యం కాదని సిద్ధాంతపరంగా చూపించాడు. నూటికి నూరు పాళ్లు రక్షణ అని డబ్బా మీద రాసి అమ్మేవాళ్లను నమ్మకండి, అది ఉచితమైనా, డబ్బు పెట్టి కొన్నదైనా.

మీ డిఫెండర్ నిజంగా మేలుకుని ఉందో లేదో తేల్చుకోవడానికి ఈకార్ టెస్ట్ ఫైలు అని ఒకటి ఉంది. 68 అక్షరాల చిన్న ఫైలు, ఏ హానీ చేయదు. యాంటీవైరస్ కంపెనీలన్నీ కలిసి "దీన్ని వైరస్ అనే చూపిద్దాం" అని ఒప్పుకున్నది. ఈకార్ సంస్థ వెబ్‌సైట్‌లో దొరుకుతుంది. దింపగానే డిఫెండర్ ఎర్రగా అరవాలి. అరవకపోతే పైన చెప్పిన ఎక్స్‌క్లూజన్స్ జాబితాకి మళ్లీ వెళ్లండి.

డిఫెండర్ ఉండగా వేరే ఉచిత యాంటీవైరస్ వేయాలా? మీ షాపుకి వద్దంటాను. మూడు కారణాలు.

మొదటిది లైసెన్సు. ఉచిత యాంటీవైరస్‌లలో చాలావరకు ఇంటి వాడకానికి మాత్రమే ఉచితం. అవాస్ట్, ఏవీజీ, బిట్‌డిఫెండర్ ఉచిత రకాలు, మాల్‌వేర్‌బైట్స్ ఉచిత స్కానర్ అన్నీ అంతే. మీది వ్యాపారం, అందులో వేస్తే షరతులు మీరినట్టే. డిఫెండర్ విండోస్‌లో భాగం కాబట్టి ఆ పేచీ లేదు. క్లామ్‌విన్ అనే ఓపెన్ సోర్స్ స్కానర్‌కూ లేదు, కానీ అది ఫైలు తెరిచేటప్పుడు కాపలా కాయదు, మనం అడిగినప్పుడే వెతుకుతుంది.

రెండోది, ఉచితం ఇచ్చేవాళ్లకు డబ్బు ఎక్కడినుంచి వస్తుందన్న ప్రశ్న. చాలావరకు "పెద్ద ప్యాక్ కొనండి" అని విసిగించే పాప్అప్‌ల నుంచే, అది సహించొచ్చు. కానీ అవాస్ట్ తన వాడకందారులు ఏ సైట్లు చూస్తున్నారన్న సమాచారాన్ని జంప్‌షాట్ అనే తన అనుబంధ కంపెనీ ద్వారా అమ్ముకుందని అమెరికా ఫెడరల్ ట్రేడ్ కమిషన్ 2024లో తేల్చి, 1.65 కోట్ల డాలర్లు కట్టమంది. జంప్‌షాట్‌ను 2020లోనే మూసేశారు. అయినా కాపలాకి పెట్టుకున్న సాఫ్ట్‌వేరే మన సమాచారం అమ్మడం నాకు మింగుడుపడని విషయం. ఇంకో సంగతి, అవాస్ట్, ఏవీజీ, అవీరా, నార్టన్ ఇప్పుడు అన్నీ జెన్ డిజిటల్ అనే ఒకే కంపెనీ చేతిలో ఉన్నాయి. నాలుగు పేర్లు చూసి నాలుగు కంపెనీలనుకోకండి.

మూడోది మీ 4 జీబీ ర్యామ్. పేజ్‌మేకర్, బ్రౌజర్, వాట్సాప్ వెబ్ తెరిచాక మిగిలేదే కొంచెం. వేరే యాంటీవైరస్ వేస్తే డిఫెండర్ మామూలుగా దానంతట అదే పక్కకు తప్పుకుంటుంది, దాన్ని తీసేస్తే మళ్లీ ముందుకొస్తుంది. కానీ వేరేవి రెండు కలిపి ఎప్పుడూ వేయకండి. ఒకదాన్ని ఒకటి అనుమానించుకుంటూ కంప్యూటర్‌ను నడవనివ్వవు.

డిఫెండర్‌కు లోపాలు లేవని కాదు. నెట్ లేనప్పుడు అది కాస్త బలహీనం, క్లౌడ్ మీద, అంటే నెట్‌లో ఉండే కంపెనీ సర్వర్ల మీద ఎక్కువ ఆధారపడుతుంది. కరెంటు పోయి రౌటర్ ఆగినప్పుడు ఇన్వర్టర్ మీద పని చేస్తూ కొత్త పెన్‌డ్రైవ్‌లు పెట్టకండి. ఇంట్లో వాడే కంప్యూటర్ అయి, కొంచెం మంచి ర్యామ్ ఉంటే, బిట్‌డిఫెండర్ ఉచిత రకం వేసుకున్నా నాకు అభ్యంతరం లేదు.

ఒక ఫైలు మీద అనుమానం వస్తే వైరస్‌టోటల్ అనే వెబ్‌సైట్‌లో పెట్టొచ్చు. గూగుల్ చేతిలో ఉన్న ఉచిత సేవ అది, 70కి పైగా యాంటీవైరస్‌లతో ఒకేసారి చూపిస్తుంది. కస్టమర్ల ఆధార్, మార్కుల జాబితాలు, బ్యాంకు కాగితాలు మాత్రం అందులో పెట్టకండి. అక్కడ పెట్టిన ఫైళ్లు పరిశోధకులకు, కంపెనీలకు అందుబాటులోకి వెళ్తాయి. కేంద్ర ప్రభుత్వ సంస్థ సెర్ట్-ఇన్ 2017లో మొదలుపెట్టిన సైబర్ స్వచ్ఛతా కేంద్ర సైట్‌లో కూడా ఉచిత బాట్ రిమూవల్ టూల్స్ (కంప్యూటర్‌ను దూరం నుంచి ఆడించే వైరస్‌లను తీసేసేవి) ఉన్నాయి. అక్కడే దొరికే సీ-డాక్ వారి యూఎస్‌బీ ప్రతిరోధ్ అనుమతి ఉన్న పెన్‌డ్రైవ్‌లనే పెట్టనిస్తుంది. ఆఫీసులకు మంచిది, రోజుకో కొత్త పెన్‌డ్రైవ్ వచ్చే మీ షాపుకి పొసగదు.

ఇప్పుడు అసలు గొడవ దగ్గరికొస్తాను. మీరు డీటీపీ అన్నారు కాబట్టి అడుగుతున్నాను: పేజ్‌మేకర్, ఫోటోషాప్ ఎక్కడివి? మన దగ్గర తెలుగు డీటీపీ అంటే ఇప్పటికీ అను ఫాంట్లు, పేజ్‌మేకర్. చాలా షాపుల్లో అవి ఎవరో ఇచ్చిన సీడీలోంచో, నెట్‌లోంచో వచ్చిన క్రాక్ కాపీలు. క్రాక్ వేసేటప్పుడు మొదటి సూచన ఏముంటుంది? "యాంటీవైరస్ ఆపేయండి." కాపలాదారును పంపేసి తలుపు తీయమన్నట్టు. అలా ఆపాక ఏ యాంటీవైరస్ అయినా, ఎంత ఖరీదైనదైనా, ఏం చేయగలదు?

డాబాగార్డెన్స్‌లో లెక్కలు రాసే ఒకాయన కేసు చెప్తాను. ఆఫీసులో కుర్రాడు ఏదో పీడీఎఫ్ ఎడిటర్ క్రాక్ దింపాడు. మర్నాటికి ట్యాలీ డేటా, ఎక్సెల్ ఫైళ్లు అన్నిటి పేర్ల చివర వింత అక్షరాలు చేరాయి, ప్రతి ఫోల్డర్‌లో రీడ్‌మీ పేరుతో ఒక నోట్. 980 డాలర్లు కట్టాలి, 72 గంటల్లోపు అయితే సగం అని. స్టాప్ లేదా డిజెవియు అని పిలిచే ర్యాన్సమ్‌వేర్ కుటుంబం అది, క్రాక్ సాఫ్ట్‌వేర్‌ల వెంటే తిరుగుతుంది. బ్యాకప్ ఉంది గానీ ఆ ఎక్స్‌టర్నల్ డ్రైవ్‌ను ఎప్పుడూ కంప్యూటర్‌కే తగిలించి ఉంచేవారు, అదీ తాళం పడిపోయింది. యూరోపోల్, నెదర్లాండ్స్ పోలీసులు, కొన్ని సెక్యూరిటీ కంపెనీలు కలిసి 2016లో పెట్టిన నో మోర్ ర్యాన్సమ్ సైట్‌లో ఆ తాళం తీసే ఉచిత డీక్రిప్టర్లు ఉంటాయి. ఈ కుటుంబంలో కొన్నిటికి ఎమ్సిసాఫ్ట్ చేసిన డీక్రిప్టర్ ఉంది. కానీ తాళం వేసిన సమయానికి కంప్యూటర్ నెట్‌లో ఆ దొంగల సర్వర్‌కు తగిలి ఉంటే ప్రతి మెషీన్‌కూ వేరే తాళంచెవి పడుతుంది, అప్పుడు తెరుచుకోదు. ఆయనవి తెరుచుకోలేదు. రెండేళ్ల లెక్కలు బిల్లులు ముందేసుకుని మళ్లీ ఎక్కించుకున్నారు. డబ్బు మాత్రం కట్టొద్దన్నాను, కట్టలేదు. కట్టినా ఇస్తారన్న నమ్మకం ఏముంది?

కాబట్టి పేజ్‌మేకర్ కోసం పాత మెషీన్ ఉంటే దానికి నెట్ తీగ పీకేయండి. అందులో విండోస్ 7 ఉంటే మరీనూ, దానికి సపోర్టు 2020 జనవరిలోనే ఆగిపోయింది. పేజీలు తయారుచేయడం అక్కడ, బ్రౌజర్, మెయిల్, పెన్‌డ్రైవ్‌లు ఇక్కడ. ఫోటోషాప్ బదులు గింప్, ఆఫీస్ బదులు లిబ్రే ఆఫీస్ ఉచితం, క్రాక్ అవసరం లేదు. విద్యార్థుల వర్డ్ ఫైళ్లు లిబ్రే ఆఫీస్‌లో ఒక్కోసారి కొంచెం జరుగుతాయి నిజమే, పీడీఎఫ్‌గా చేసి తెమ్మని బోర్డు పెడితే సగం సమస్య పోతుంది.

ఇంకో రకం గురించి చెప్పకుండా ఉండలేను, ఎందుకంటే మీ షాపులో జనం తమ పాస్‌వర్డ్‌లు టైపు చేస్తారు. హాల్‌టికెట్లు, స్కాలర్‌షిప్ ఫారాలు, పాస్‌పోర్టు అప్లికేషన్లు. ఇన్ఫోస్టీలర్ అనే ట్రోజన్లు కంప్యూటర్‌ను నెమ్మది చేయవు, ఫైళ్లు పాడుచేయవు. బ్రౌజర్‌లో సేవ్ అయిన పాస్‌వర్డ్‌లు, లాగిన్ కుకీలు (మళ్లీ పాస్‌వర్డ్ అడగకుండా సైట్ మనల్ని గుర్తుపట్టే ఫైళ్లు) ఎత్తుకుని నిశ్శబ్దంగా పంపేస్తాయి. లుమ్మా అనే ఒక్క స్టీలర్ 2025 మార్చి 16 నుంచి మే 16 లోపు 3,94,000కు పైగా విండోస్ కంప్యూటర్లలో కనబడిందని మైక్రోసాఫ్ట్ చెప్పింది. ఈమధ్య ఇవి వచ్చే దారి ఒకటుంది: ఏదో సైట్ "మీరు రోబో కాదని రుజువు చేయండి" అంటుంది. విండోస్ మీట, ఆర్ కలిపి నొక్కమంటుంది, తర్వాత కంట్రోల్ వీ, తర్వాత ఎంటర్. అలా చేస్తే వైరస్‌ను మన చేత్తో మనమే నడిపినట్టు. అసలైన క్యాప్చా ఏదీ అలా అడగదు. షాపులో పనిచేసే పిల్లలకు ఇది తప్పకుండా చెప్పండి.

మీ షాపు బ్రౌజర్‌లో పాస్‌వర్డ్‌లు సేవ్ చేయడం ఆపేయండి. కస్టమర్ పని ఇన్‌కాగ్నిటో విండోలో చేసి మూసేయండి. డౌన్‌లోడ్స్ ఫోల్డర్‌లో పేరుకుపోయిన ఆధార్ కాపీలు సాయంత్రం షాపు కట్టేముందు డిలీట్ చేసి రీసైకిల్ బిన్ ఖాళీ చేయండి. అవి మనవి కావు, జనం మన మీద నమ్మకంతో ఇచ్చినవి.

రోజువారీ పనికి అడ్మిన్ కాని మామూలు అకౌంటు ఒకటి చేసుకోండి. సగం చెత్త అక్కడే ఆగిపోతుంది, చాలా ప్రోగ్రాములు ఇన్‌స్టాల్ అవ్వాలంటే పాస్‌వర్డ్ అడుగుతుంది కాబట్టి. ఫైల్ ఎక్స్‌ప్లోరర్‌లో ఫైలు పేరు చివర ఉండే ఎక్స్‌టెన్షన్ కనిపించేలా కూడా పెట్టండి. 2000 మే నెలలో ప్రపంచమంతా అల్లాడించిన ఐ లవ్ యూ వైరస్ మెయిల్‌లో ఉత్తరంలా కనిపించే ఫైలుగా వచ్చింది. పేరులో టీఎక్స్‌టీ కనిపించేది, చివరన ఉన్న వీబీఎస్‌ను విండోస్ దాచేసేది. ఇన్నేళ్లయినా విండోస్ మామూలుగా ఎక్స్‌టెన్షన్లు దాచే ఉంచుతోంది, అదే మోసం ఇప్పటికీ నడుస్తోంది. రెజ్యూమె డాట్ పీడీఎఫ్ అని కనిపించే ఫైలు చివర ఈఎక్స్ఈ ఉంటే ముట్టుకోకండి.

వాట్సాప్‌లో పెళ్లి కార్డు, ట్రాఫిక్ చలానా పేరుతో వచ్చే ఏపీకే ఫైళ్లు ఆండ్రాయిడ్ ఫోన్‌లో యాప్ వేసేవి. కంప్యూటర్‌ను ఏం చేయవు గానీ ఫోన్‌లో ఇన్‌స్టాల్ చేస్తే ఎస్ఎంఎస్‌లు చదివి ఓటీపీలు లాగేస్తాయి. పెళ్లి కార్డు ఫోటోగానో పీడీఎఫ్‌గానో వస్తుంది తప్ప ఏపీకేగా రాదు. డబ్బు పోతే ఆలస్యం చేయకుండా సైబర్ నేరాల హెల్ప్‌లైన్ 1930కి ఫోన్ చేయాలి, ఎంత తొందరగా చేస్తే డబ్బు ఆపే వీలు అంత ఎక్కువ.

మీ విండోస్ 10 సంగతి. 2025 అక్టోబర్ 14తో మామూలు సపోర్టు అయిపోయింది. డిఫెండర్ వైరస్ జాబితాలు 2028 అక్టోబర్ దాకా వస్తాయని మైక్రోసాఫ్ట్ చెప్పింది, కానీ విండోస్‌లో లోపాలకు వేసే అప్‌డేట్లు వేరు. వాన్నాక్రై సంగతి పైన రాసింది అందుకే. ఏడాది పాటు అదనపు సెక్యూరిటీ అప్‌డేట్లు ఇచ్చే పథకం ఉంది, విండోస్ అప్‌డేట్ పేజీలో చేరమని అడుగుతుంటే చేరండి. యాంటీవైరస్‌కు కడదామనుకున్న డబ్బు ఉంటే ర్యామ్ 8 జీబీ చేయించి, ఒక ఎస్ఎస్‌డీ వేయించండి. ప్రాసెసర్ విండోస్ 11కు పనికొచ్చేదైతే అది వేసుకోండి.

మిగిలిన డబ్బుతో ఒక ఎక్స్‌టర్నల్ హార్డ్ డిస్క్ కొనండి. వారానికోసారి కాపీ చేసి, తీగ పీకి, షాపులో కాకుండా ఇంట్లో పెట్టండి. 2014 అక్టోబర్ 12న హుద్‌హుద్ తుఫాను వచ్చి వెళ్లాక నీళ్లు కారుతున్న సీపీయూలు పట్టుకుని ఎంతమంది వచ్చారో నాకు గుర్తే. అది వైరస్ కాదు, కానీ కాపీ వేరే చోట ఉన్నవాళ్లు మర్నాడు కొత్త మెషీన్ మీద పని మొదలుపెట్టారు, లేనివాళ్లు మొదలుపెట్టలేకపోయారు.

ఇవాళ రాత్రికి ఎక్స్‌క్లూజన్స్ చూసి, ఆఫ్‌లైన్ స్కాన్ పెట్టండి. అయ్యాక ప్రొటెక్షన్ హిస్టరీలో వచ్చిన పేర్లు ఇక్కడ రాయండి, చూసి చెప్తాను. వార్మ్ అని మొదలైతే (పెన్‌డ్రైవ్‌ల మీద పాకేవాటినీ డిఫెండర్ ఆ పేరుతోనే పిలుస్తుంది) అది మీ షార్ట్‌కట్ గొడవే అయ్యుంటుంది, స్కాన్‌తో పోతుంది. హ్యాక్‌టూల్, ఆటోకేఎంఎస్ అని ఉంటే క్రాక్ యాక్టివేటర్ దొరికిందన్నమాట, దాన్ని ఉంచమని ఎవరు చెప్పినా ఒప్పుకోకండి. పీడబ్ల్యూఎస్ (పాస్‌వర్డ్‌లు దొంగిలించేది) అనో స్టీలర్ అనో కనిపిస్తే మాత్రం నా జవాబు కోసం ఆగకండి. ఆ కంప్యూటర్ పక్కన పెట్టి, మీ ఫోన్ నుంచి ముందు జీమెయిల్, తర్వాత బ్యాంకు పాస్‌వర్డ్‌లు మార్చి, అన్ని డివైజ్‌ల నుంచి సైన్ అవుట్ చేయండి. అలాంటి కేసులో ఫార్మాట్ కొట్టమన్న మీ సర్వీసు అబ్బాయి మాటే సరైనది.